కదలని బండి, కదిలిన ముల్లు

మొన్న ఆదివారం ఒహాయో నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. గొంతులో ఎవరో పోయినంత దిగులు. బండి కదలడం లేదట. కింద ఎర్రటి మడుగట. మెకానిక్ వచ్చి చూసి ట్రాన్స్‌మిషన్ పోయిందన్నాడట. "తుక్కు కింద అమ్మేయమంటావా?" అన్నాడు.

"ఆయిల్ ఎక్కణ్ణుంచి పోయిందో చెప్పాడా?" అని అడిగాను.

"మొత్తం పోయిందన్నాడు."

నేనడిగింది ఎంత పోయిందని కాదు, ఎక్కణ్ణుంచి పోయిందని. ఈ రెండు ప్రశ్నలకూ ఉన్న తేడా తెలియడానికి నాకు ఒకప్పుడు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల కథ చెబుతాను. కథ మిషతో నా అభిప్రాయం కూడా చెబుతాను. అభిప్రాయం ముందే చెప్పేస్తే ఇది: ద్రవం కారిపోయి కదలకుండా నిలిచిపోయిన బండిని చూసి "ట్రాన్స్‌మిషన్ పోయింది" అనడం రోగనిర్ణయం కాదు, సంతాప ప్రకటన. రోగి ఇంకా ఊపిరి పీలుస్తుండగానే చాలాసార్లు ఆ ప్రకటన వెలువడుతుంది.

మనలో చాలామందికి బండి అంటే ఎడమకాలితో క్లచ్ తొక్కి గేరు మార్చే బండి. అందులో క్లచ్ పట్టుకున్నాక ఇంజనుకీ చక్రాలకీ మధ్య ఇనుముకి ఇనుమే తోడు. గేరుపెట్టెలో ఆయిల్ అయిపోతే పళ్ళు అరుస్తాయి, అరుగుతాయి, చివరికి విరుగుతాయి. అయినా అంతవరకూ బండి ఈడ్చుకుంటూ పోతుంది. ఆటోమేటిక్ సంగతి అలా కాదు. రెండు పంకాలు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని తిప్పితే ఆ గాలికి రెండోది తిరగడం చిన్నప్పుడు చూసే ఉంటారు. ఆటోమేటిక్‌లో ఇంజను పక్కన ఉండే టార్క్ కన్వర్టర్ చేసే పని సుమారుగా అదే, గాలికి బదులు ద్రవంతో. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్యోటింగర్ 1905లో ఈ ఊహకు పేటెంటు తీసుకున్నది ఓడల కోసం. ఆ తరువాత ముప్పై నాలుగేళ్ళకు, అంటే 1939 చివర్లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లలో హైడ్రా-మ్యాటిక్ అనే పూర్తి ఆటోమేటిక్ పెట్టె జనం చేతికి వచ్చింది.

కన్వర్టర్‌తోబాటు ఒక పంపు కూడా తిరుగుతుంది. అడుగున ఉన్న పళ్ళెం నుంచి ద్రవాన్ని పీల్చి ఒత్తిడితో లోపలికి తోస్తుంది. లోపల పొరలు పొరలుగా పేర్చిన క్లచ్ బిళ్ళలుంటాయి. వాటిని బిగించి పట్టేది ఆ ఒత్తిడే. మనం D లో పెట్టడమంటే ఆ ద్రవానికి ఒక దారి తెరవడం, R అంటే ఇంకో దారి. కనక ఈ ఎర్రటి ద్రవం కేవలం కందెన కాదు. అదే చెయ్యి, అదే పట్టు, వేడిని మోసుకుపోయేదీ అదే. అది చాలినంత లేకపోతే పంపు గాలి పీలుస్తుంది. అడుగంటిన కొబ్బరిబోండాంలో గొట్టం పెట్టి పీలిస్తే వచ్చే గరగర తెలుసుగా, ఆ జాతి మూలుగే బానెట్ కిందినుంచి వస్తుంది. ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఆ క్షణాన లోపల ఏదీ విరిగి ఉండనక్కరలేదు. చేతికి బలం లేదు, అంతే. ఆ స్థితిలో యాక్సిలరేటరు తొక్కుతూ ఇంకో అయిదు మైళ్ళు లాగించాలని చూస్తే మాత్రం, సగం పట్టిన బిళ్ళలు ఒకదానిమీద ఒకటి జారి మాడిపోతాయి. బండిని నిజంగా చంపేది చాలాసార్లు ఆ అయిదు మైళ్ళే.

ఇక నా కథ. 2009 అక్టోబరు, డెట్రాయిట్ శివారు. ఆ ఏడు ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా కోర్టుకెక్కాయి. ఆ ఊళ్ళో ఉన్న మావాళ్ళలో చాలామందిలాగే నేనూ కార్ల పరిశ్రమను నమ్ముకుని సాఫ్ట్‌వేర్ రాసుకునేవాణ్ణి. కార్ల విడిభాగాల లెక్కలన్నీ నా డేటాబేసులో ఉండేవి. నా కారు బానెట్ ఎత్తే మీట ఎక్కడుందో మాత్రం వెతుక్కోవాల్సి వచ్చేది. కాంట్రాక్టు డిసెంబరుతో సరి అని చెప్పేశారు. నాన్నగారు ఆరునెలలుండి వెళ్ళడానికి పదకొండు రోజులు మిగిలాయి. ఉన్నది ఒక్కటే బండి, పదకొండేళ్ళది, ముందు చక్రాలతో నడిచేది.

రెండు వారాల ముందు కుడివైపు యాక్సిల్ మార్పించాను. దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు చిమ్ముతుంటే ఊళ్ళోనే ఒక షాపులో చేయించాను. ఆ తరువాత ఇంటి ముందు సిమెంటు మీద ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. మిషిగన్‌లో అక్టోబరంటే నేలంతా మేపుల్ ఆకుల ఎరుపే. ఆకుల మరకలనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అనుకోవడం చౌక కాబట్టి అనుకున్నాను.

ఒక సాయంత్రం కిరాణా సరుకులతో వస్తూ మా వీధిలోకి ఎడమకు తిప్పుతుంటే "టక్" మని ఒక చప్పుడు, వెంటనే కరకరమని ఇసుక నమిలినట్టు ఇంకో చప్పుడు, ఇంజను ఒక్కసారిగా ఏనుగులా ఘీంకరించింది. బండి నెమ్మదిగా జారి ఆగిపోయింది. ఈసారి తెలిసినవాళ్ళు చెప్పిన వేరే షాపుకి ఈడ్పించాను. అక్కడి పెద్దమనిషి వంగి కిందకు చూశాడు. తడి కనిపించింది. రెండు క్వార్టుల ద్రవం పోసి D లో పెట్టాడు. కదల్లేదు. R లో పెట్టాడు. కదల్లేదు. చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు: పెట్టె పూర్తిగా విప్పి కట్టాలంటే 2,400 డాలర్లు, లేదంటే బండి ఇక్కడే వదిలేస్తే 300 ఇస్తాను. మొత్తం పరీక్షకి ఏడెనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది.

ఆలోచించుకుంటానని చెప్పి మళ్ళీ డబ్బు పోసి బండిని ఇంటికి ఈడ్పించాను. మా ఇంటి ముందు కొంచెం వాలు. నాన్నగారు గుడివాడ ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయినవారు. ఆగిన ఏ బండికైనా వెనకచక్రం కింద రాయి పెట్టందే ఆయనకు నిద్రపట్టదు. ఆరునెలలుగా రోజూ ఆ రాయి చూసి మా ఆవిడా నేనూ నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు గేరు P లో ఉండగానే బండి మెల్లగా వెనక్కి జారి ఆ రాయికి ఆనుకుని నిలబడింది. "P కూడా పట్టడం లేదు. మొత్తం పోయిందన్నమాట" అనుకున్నాను.

మర్నాడు ఆశ చావక ఇంకో రెండు క్వార్టులు కొని పోశాను. ఇంజను నడుపుతూ D లో పెట్టి కాస్త తొక్కాను. నాన్నగారు పక్కసీట్లో ఉన్నారు.

"ఇరవై చూపిస్తోందేమిట్రా?" అన్నారు.

నిజమే. బండి అంగుళం కదలకుండానే స్పీడోమీటరు ముల్లు ఇరవై మైళ్ళ దగ్గర ఊగుతోంది.

"అది కూడా పాడై ఉంటుంది నాన్నా" అన్నాను.

ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. నేను చూడలేదని కాదు, కళ్ళారా చూశాను. చూసినదాన్ని అప్పటికే నెత్తికెక్కిన తీర్పులో ఇమిడ్చేశాను. బండి పోయిందని నమ్మాక P పట్టకపోవడం దానికో సాక్ష్యం, ముల్లు లేవడం ఇంకో సాక్ష్యం. ఆ సమయంలో హారన్ మోగకపోతే దాన్ని కూడా ఆ ఖాతాలోనే రాసేవాణ్ణి.

నాన్నగారికి ఆటోమేటిక్ గురించి ఏమీ తెలియదు. "క్లచ్ ప్లేట్లు అరిగిపోయుంటాయి" అన్నారు మొదట, అది తప్పు. కాని డిపోలో బస్సు ఆగిపోయి వస్తే డ్రైవర్ని అడిగే రెండు ప్రశ్నలు నన్నూ అడిగారు: "ఆగే ముందు ఏం చప్పుడైంది? దీనిమీద చివరిసారి చెయ్యి పెట్టిందెవరు?" షాపు పెద్దమనిషి ఈ రెండూ అడగలేదు. నేనూ నన్ను అడుక్కోలేదు.

చప్పుడు సంగతి చెప్పాను. యాక్సిల్ మార్చిన సంగతీ చెప్పాను. చెబుతుంటేనే నాలో ఏదో కదిలింది. సాయంత్రం ఊరి గ్రంథాలయంలో మా మోడల్‌కి వచ్చిన హేన్స్ మాన్యువల్ తెచ్చుకుని వంటింటి బల్ల మీద పరిచాను. వేగాన్ని కొలిచే సెన్సరు ఎక్కడుందా అని చూస్తే, చక్రం దగ్గర లేదు. ట్రాన్స్‌మిషన్ పెట్టె చివర, డిఫరెన్షియల్ మీద ఉంది. అంటే ముల్లు ఇరవై చూపిస్తోందంటే డిఫరెన్షియల్ తిరుగుతోందన్నమాట. అది తిరుగుతోందంటే పంపు పీలుస్తోంది, ఒత్తిడి ఉంది, బిళ్ళలు పట్టుకుంటున్నాయి, గేర్లు తిరుగుతున్నాయి. ఇంజను బలం నిక్షేపంగా పెట్టె దాటి బయటికి వస్తోంది. పోతున్నది ఆ తరువాతే, పెట్టెకీ చక్రానికీ మధ్య.

P సంగతీ అప్పుడే తెలిసింది. P లో పెడితే ఒక చిన్న ఇనుపకొక్కెం పెట్టెలోని గేరును పట్టి ఆపుతుంది. రెండు యాక్సిళ్ళూ చోట్లో ఉంటేనే ఆ పట్టు చక్రాలకు చేరుతుంది. ఒకటి ఊడితే డిఫరెన్షియల్ ఆ ఖాళీవైపు గిర్రున తిరిగి రెండో చక్రాన్ని వదిలేస్తుంది. బురదలో దిగిన బండికి ఒక చక్రమే తిరిగి రెండోది ఊరుకోవడం చూసే ఉంటారు, అదే సూత్రం. నేను చావుకి సాక్ష్యాలనుకున్న రెండూ పెట్టె బతికే ఉందనడానికి సాక్ష్యాలు.

టార్చి పట్టుకుని, ముందు చక్రాన్ని పక్కకి తిప్పి చూశాం. కుడి యాక్సిల్ లోపలికొస బొటనవేలి వెడల్పున బయటికి వచ్చి ఉంది. దాని చుట్టూ తడి, ఎరుపు. ఆ కొసకి ఒక సన్నటి తీగ ఉంగరం ఉంటుంది. బిగించేటప్పుడు అది లోపలి గాడిలో "క్లిక్" మని కూర్చోవాలి. కూర్చోలేదు. రెండు వారాలపాటు యాక్సిల్ కొంచెం కొంచెంగా జరుగుతూ, సీలు పక్కనుంచి ద్రవాన్ని చుక్కచుక్కగా వదులుతూ వచ్చి, ఆ మలుపులో పళ్ళు విడిపోయేంతగా బయటికి వచ్చేసింది.

కాకతాళీయం అంటాం కదా, కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగితే కాకివల్లే పండు రాలిందనుకోవడం. ఇది అంతకన్నా చిక్కుది. ఇక్కడ ఒకే గాలికి కాకీ లేచింది, పండూ రాలింది. ద్రవం పోయింది కాబట్టి బండి ఆగిందని అందరం అనుకున్నాం. ద్రవం పోవడానికీ బండి ఆగడానికీ కారణం ఒక్కటే, అర్ధరూపాయి చెయ్యని తీగ ఉంగరం.

యాక్సిల్ బిగించిన షాపువాళ్ళు మొదట అలా జరగదన్నారు. చూశాక మాట్లాడకుండా కొత్త సీలు, కొత్త ఉంగరం వేసి సరిచేశారు. వాళ్ళు నన్ను డబ్బు అడగలేదు, నేను వాళ్ళను వివరణ అడగలేదు. ద్రవానికీ మూడుసార్లు ఈడ్పించినందుకూ కలిపి రెండొందల డాలర్ల పైన వదిలింది. నాన్నగారిని ఆ బండిలోనే విమానాశ్రయానికి తీసుకెళ్ళాను.

ప్రతి కదలని బండికీ యాక్సిల్ ఊడి ఉంటుందని కాదు నేననేది. చూసే వరస ఒకటుంది, ఆ వరస తప్పకూడదని. మొదటి ప్రశ్న, ద్రవం ఎక్కణ్ణుంచి పోయింది? బండి కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచితే మరకే చెబుతుంది. ముందువైపు రేడియేటరు దగ్గరైతే ద్రవాన్ని చల్లబరిచే గొట్టాలు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఈ ఉక్కు గొట్టాలు తుప్పుపట్టి చిల్లులు పడడం మామూలు. ఇంజనూ ట్రాన్స్‌మిషనూ కలిసేచోటైతే పంపు ముందున్న సీలు, దానికి పెట్టె కిందికి దించక తప్పదు. చక్రాల వైపైతే యాక్సిల్ సీళ్ళు. మధ్యలోనైతే పళ్ళెం అంచు. ఏ మరకా లేకుండా ద్రవం స్ట్రాబెర్రీ పాలలా గులాబిరంగుకు తిరిగితే అది అన్నిటికన్నా చెడ్డవార్త. రేడియేటరు లోపలే గొట్టం పగిలి నీళ్ళు కలిశాయన్నమాట. బిళ్ళల జిగురు నీళ్ళకు ఆగదు.

రెండోది మట్టం. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. చాలా బండ్లలో ఇంజను నడుస్తుండగా, వేడెక్కాక, P లో పెట్టి చూడాలి. కొన్నిట్లో N లో పెట్టి, ఇంకొన్నిట్లో ఇంజను ఆపిన వెంటనే చూడాలి. ఇంజను ఆయిల్ చూసినట్టే చూస్తే లేనిది ఉన్నట్టు కనిపించవచ్చు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఈ ముక్క రాసే ఉంటుంది, అది చదివే ఓపికే మనకుండదు. ఏ ద్రవం పొయ్యాలో కూడా అందులోనే ఉంటుంది. ఎరుపన్నదల్లా ఒకటే అనుకోకండి. డెక్స్‌రాన్, మెర్కాన్, ఏటీఎఫ్ ప్లస్ ఫోర్, దేని ఘర్షణగుణం దానిదే. (1970ల మొదటి దాకా ఈ ఘర్షణగుణం కోసం స్పెర్మ్ తిమింగలాల నూనె కలిపేవారు. అమెరికా ఆ తిమింగలాలను రక్షిత జాతుల్లో చేర్చాక వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. గేరు మృదువుగా మారడం కోసం సముద్రంలో అంత పెద్ద ప్రాణిని చంపేవాళ్ళమన్న సంగతి నాకు ఆ బండి పుణ్యానే తెలిసింది.)

కొంచెం కొంచెంగా పోస్తూ, బ్రేకు తొక్కిపట్టి మీటను ఒక్కో స్థానంలో కాసేపు ఉంచి, మళ్ళీ మట్టం చూడాలి. అప్పుడు కదిలితే సంబరపడి రోడ్డెక్కకుండా, కారేచోటు మూసేదాకా ఆగాలి. మట్టం సరిపోయాక కూడా కదలకపోతే ముల్లు వైపు చూడాలి. మట్టం నిండి, ముల్లూ లేవక, ద్రవం నల్లబడి మాడువాసన వేస్తుంటే అప్పుడు పెట్టెను అనుమానించవచ్చు. పళ్ళెం విప్పితే అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు కనిపిస్తుంది, అది మామూలు అరుగుదలే. మెరిసే లోహపు చెక్కలు కనిపిస్తేనే సంతాపం ప్రకటించాలి. ఇంకొక్క మాట: ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎవరూ దూరకండి.

ఆ పెద్దమనిషి నన్ను మోసం చేశాడని నేననను. ఏడు నిమిషాల్లో చెప్పే తీర్పుకి 2,400 వస్తాయి. గంటసేపు కిందదూరి "ఇది యాక్సిల్ గొడవ" అని కనిపెడితే ఆ గంటకి ఇచ్చేవాడు లేడు. వచ్చిన ప్రతివాడూ "చూడ్డానికి కూడా డబ్బా?" అంటాడు, నేనూ అనేవాణ్ణే. నిర్ధారణకి వెల కట్టనిచోట మార్పిడికే వెల ఉంటుంది. అందుకే ఇప్పుడు ఏ షాపుకి వెళ్ళినా, బాగుచేయడం సంగతి తరువాత, ముందు ఏమైందో రాసివ్వండి, దానికి డబ్బిస్తానంటాను. కొందరు ఆశ్చర్యపోతారు.

తయారీదారుల మీద మాత్రం నాకు గట్టి ఫిర్యాదే ఉంది. కొత్తబండ్లలో చాలావాటికి ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ తీసేశారు. మట్టం చూడాలంటే బండిని సమంగా పైకెత్తి, ద్రవం వేడి ఇంతనుంచి ఇంతలోపు ఉండగా పక్కన మర విప్పి చూడాలి. పైగా ఇది జీవితకాలపు ద్రవం, ముట్టుకోనక్కరలేదంటారు. ఎవరి జీవితకాలమో చెప్పరు. తెలియనివాళ్ళు తప్పుడు ద్రవం పోసి పాడుచేస్తున్నారన్నది వాళ్ళ సమాధానం. అందులో కొంత నిజముంది. కాని ఒక గుడ్డపేలిక, ఒక కడ్డీ ఉంటే రెండు నిమిషాల్లో తెలిసే సంగతిని యజమాని చేతిలోంచి లాక్కుని, ఆ తరువాత తెలియదని అతన్నే తప్పుపట్టడం నాకు నచ్చదు. నా బండికి ఆ కడ్డీ ఉంది కాబట్టే, నాలాంటివాడు కూడా మట్టం సరిపోయిందని తేల్చుకుని తరువాతి ప్రశ్నకు వెళ్ళగలిగాడు.

ఒహాయో మిత్రుడికి ఇదంతా ఫోనులో చెప్పాను. "ముందు ఎక్కడ కారిందో చూపించమను, దానికి డబ్బివ్వు" అన్నాను. గురువారం మళ్ళీ ఫోన్ చేశాడు. తుప్పుపట్టిన గొట్టమట. మూలుగు వినిపించాక కూడా ఆఫీసుకి ఆలస్యమవుతుందని ఇరవై మైళ్ళు నడిపాడట. పళ్ళెంలో మెరిసే చెక్కలు దోసెడున్నాయట, ఫొటో పంపించాడు. ఈసారి మెకానిక్ అన్నమాటే నిజమైంది. బండి అమ్మేశాడు. కొత్తది చూడ్డానికి వెళ్తున్నానని చెప్పి, "డిప్‌స్టిక్ ఉన్నవి ఇంకా ఏమైనా దొరుకుతున్నాయంటావా?" అని అడిగాడు.